బల్బు బాగానే ఉంది, మరి హెడ్‌లైట్ ఎందుకు వెలగట్లేదు?

హెడ్‌లైట్ వెలగకపోతే మనవాళ్ళు మొదట కొనేది బల్బు. అది వేసినా వెలగకపోతే ఇంకో కంపెనీ బల్బు కొంటారు, ఆ తర్వాత ఎవరో ఒకరు "వైరింగ్ మొత్తం పోయింది, మార్చేయాలి" అంటారు, అక్కడితో టెన్షన్ మొదలు. వైజాగ్‌లో, అందులోనూ సముద్రానికి దగ్గర్లో కారు పెట్టుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఫ్యూజ్ బాగుంటే వెంటనే ఎర్త్ చూడండి. బల్బులోకి వచ్చిన కరెంటు కారు బాడీ గుండా మళ్ళీ బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి అది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

మా బావ వాళ్ళు పెదవాల్తేరులో ఉంటారు, కారు ఎప్పుడూ బయటే. ఎడమ హెడ్‌లైట్ వెలగట్లేదని ఒక షాపుకి తీసుకెళితే కొత్త బల్బు వేశారు, బల్బు తీసి హోల్డర్ దగ్గర మీటర్ (వోల్టులు కొలిచే మల్టీమీటర్) పెట్టి 12 వోల్టులు చూపించారు, ఆఖరికి వైరింగ్ సెట్టే మార్చాలన్నారు. నేను వెళ్ళి లో బీమ్ (దగ్గరి రోడ్డు మీద పడే లైటు) వేయించి చూశాను. కుడివైపు బాగా వెలుగుతోంది, ఎడమవైపు మాత్రం ఫిలమెంట్ సన్నగా, ఎర్రగా కనిపిస్తోంది. డ్యాష్‌బోర్డులో హై బీమ్ (దూరానికి పడే లైటు) తాలూకు నీలం లైటు కూడా మసకగా వెలుగుతోంది. లో బీమ్ వేస్తే ఆ నీలం లైటు వెలగాల్సిన పని లేదు కదా, నాకు అనుమానం వచ్చింది అక్కడే. ఎర్త్ సరిగ్గా అందనప్పుడు కరెంటు అదే బల్బులో హై బీమ్ కోసం ఉండే రెండో ఫిలమెంట్ గుండా హై బీమ్ వైర్లోకి దారి వెతుక్కుంటుంది, అందుకే ఇలాంటి వింత వెలుగులు.

"మరి 12 వోల్టులు వస్తోందిగా రా?" అన్నాడు బావ. అన్నాడంటే తప్పేం లేదు, చాలామంది మెకానిక్కులూ ఇక్కడే ఆగిపోతారు. బల్బు తీసేసి కొలిస్తే మీటర్ లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. సగం పూడుకుపోయిన పైపులో కూడా కుళాయి కట్టేసి ఉన్నంతసేపు ప్రెషర్ నిండుగానే ఉంటుంది, తిప్పితేనే బండారం బయటపడుతుంది. 55 వాట్ల ఫిలమెంట్ నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, మధ్యలో అర ఓమ్ అడ్డు ఉన్నా రెండు వోల్టుల దాకా దారిలోనే పోతాయి. కాబట్టి కొలిచేది ఏదైనా బల్బు పెట్టి, లైట్ వేసి ఉంచే కొలవాలి.

పద్ధతి చాలా తేలిక. మీటర్ని 20 డీసీ వోల్టుల దగ్గర పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది బల్బు హోల్డర్ వెనక ఎర్త్ పిన్నుకి ఆనించండి. ఎర్త్ బాగుంటే దాదాపు సున్నా చూపించాలి. బావ కారులో ఏడు వోల్టుల దాకా చూపించింది! ఆ వైరు పట్టుకుని వెళితే బ్యాటరీ ట్రే కింద బాడీకి బిగించిన బోల్ట్ దొరికింది. పైకి బాగానే ఉంది. పది నంబర్ స్పానర్‌తో విప్పి చూస్తే వైరు చివరున్న రింగు అంతా పచ్చటి చిలుము, దాని కింద రేకు మీద ఎర్రగా తుప్పు. ఉప్పుగాలి తేమని పట్టి ఉంచుతుంది, రాగికీ ఇనుముకీ మధ్య ఆ తేమ చేరితే ఇంక చెప్పక్కర్లేదు. రెండూ మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన వాసెలిన్ పూశాం. లైట్ వేస్తే మీటర్ 0.1 చూపించింది. షాపువాళ్ళు వైరింగ్ మార్చినా ఆ తుప్పు అలాగే ఉండేది, నాకు కోపం వచ్చేది అందుకే.

అన్నిసార్లూ ఎర్తే అనను. రెండు లో బీములూ ఒకేసారి పోయి హై బీమ్ వెలుగుతుంటే రిలే (లైట్లకి కరెంటు కలిపే చిన్న స్విచ్ పెట్టె) గానీ స్టీరింగ్ పక్కన ఉండే స్విచ్ గానీ అనుమానించాలి. ఒక్కవైపే పోతే ఆ వైపు ఫ్యూజ్ తీసి దాని కాళ్ళు కూడా చూడండి, లోపలి తీగ బాగున్నా కాళ్ళకి చిలుము పట్టి ఉండొచ్చు. కొన్ని జపాన్ డిజైన్ కార్లలో స్విచ్ ఎర్త్ వైపే ఉంటుంది, అక్కడ ముందు వైరింగ్ డయాగ్రమ్ చూసుకునే మీటర్ పెట్టాలి.

ఎక్కువ వెలుగు కోసం 100/90 వాట్ల (మొదటిది హై బీమ్, రెండోది లో బీమ్) బల్బులు వేసేవాళ్ళకి మాత్రం గట్టిగా చెబుతున్నా, వద్దు. 60/55 బల్బు కోసం చేసిన హోల్డర్ ఆ వేడికి కరిగిపోతుంది, పిన్నులు వదులవుతాయి. ఫ్యూజ్ మాడుతోందని పెద్ద ఫ్యూజ్ వేయడం ఇంకా ప్రమాదం, ఈసారి మాడేది వైరే. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుండగా మలుపులో రెండు లైట్లూ పోతే పక్కన కూర్చున్న పిల్లల గతేంటో ఒక్కసారి ఆలోచించండి.

బీచ్ రోడ్డు, సింధియా, భీమిలి వైపు కారు బయటే పెట్టేవాళ్ళు వానలు తగ్గాక ఆ ఎర్త్ బోల్ట్ ఒకసారి విప్పి చూసుకోండి. స్పానర్, గరుకు కాగితం ముక్క, కాస్త వాసెలిన్ చాలు, విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయడం మాత్రం మర్చిపోవద్దు.