మొన చూడండి, బరువు కాదు
ఖనిజ నమూనా కొనేటప్పుడు చాలామంది సైజు చూసి మోజుపడతారు. నేనైతే ముందు 10 రెట్ల భూతద్దంతో స్ఫటికాల మొనలు చూస్తాను. జల్‌గావ్, నాసిక్ వైపు నుంచి వచ్చే అపోఫిల్లైట్ అనే ఖనిజం అడ్డంగా సాఫీగా చీలుతుంది. మొన ఎగిరిపోయిన చోటు కూడా ముత్యంలా మెరుస్తుంది కాబట్టి కొత్తవాళ్లు అదే సహజమైన ముఖం అనుకుంటారు. పక్క స్ఫటికాలతో పోల్చి చూస్తే తెలిసిపోతుంది. తర్వాత అతుకులు. చీకట్లో యూవీ టార్చ్ వేస్తే చాలా రకాల జిగురు నీలి తెలుపులో వెలుగుతుంది. కాల్సైట్ కూడా వెలగొచ్చు, అందుకే సన్నటి గీతలా వెలిగేదాన్నే అనుమానించండి.

గని, ఊరు, జిల్లా రాసిన పాత లేబుల్ ఉంటే పారేయకండి. అది పోతే విలువలో పెద్ద భాగం పోయినట్టే.

మన వైజాగ్ కైలాసగిరి కొండ రాయి ఖోండలైట్‌లో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం బోలెడు. కానీ పగుళ్లతో, సరైన ముఖాలు లేకుండా ఉంటుంది. చదువుకి బంగారం, షోకేసుకి అంతంతమాత్రం.

వైజాగ్ గాలికి బాగా పాడయ్యేది పైరైట్, అంటే బంగారంలా మెరిసే ఇనుము, గంధకాల ఖనిజం. తేమకి ఆక్సీకరణం చెంది తెల్లపొడి, ఆమ్లం పుడతాయి, లేబుల్‌నీ పక్క రాళ్లనీ తినేస్తాయి. నీళ్లతో కడగొద్దు. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి, విడిగా పెట్టండి. జెల్ రంగు మారితే మార్చేయండి.