డబ్ల్యూఏఎస్ పాసయ్యాను: 2.2 టైమింగ్ నేను చదివిన పద్ధతి

ఫ్రెండ్స్, నిన్న రాత్రి మెయిల్ వచ్చింది. వెబ్‌సైట్లని వికలాంగులు కూడా వాడుకోగలిగేలా చేసే నిపుణుల సంఘం ఐఏఏపీ పెట్టే వెబ్ యాక్సెసిబిలిటీ స్పెషలిస్ట్ (డబ్ల్యూఏఎస్) పరీక్ష పాసయ్యాను! ఇది ఏ ఉద్యోగానికి పరీక్షో ఇంట్లోవాళ్లకి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు గానీ, అమ్మ అప్పుడే పక్కింటికి స్వీట్లు పంపేసింది. ప్రశ్నలు మాత్రం అడక్కండి, బయటపెట్టకూడదు. చదివిన తీరు చెబుతాను.

నేరుగా 2.2 టైమింగ్‌కి వస్తా. అంటే వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం డబ్ల్యూసీఏజీలో, పేజీకి గడువుంటే యూజర్‌కి చాలినంత టైమివ్వాలని చెప్పే భాగం. చాలామంది దీన్ని అంకెలుగా బట్టీ పడతారు. 20 సెకన్లు, పది రెట్లు, పదిసార్లు, 20 గంటలు. ఆప్షన్లు చూడగానే అన్నీ కలిసిపోయేది ఇందుకే. యూజర్ ముందే గడువు మార్చుకునే వీలిస్తే అది డిఫాల్ట్‌కి కనీసం పది రెట్లు ఉండాలి. గడువు ముగిసేముందు హెచ్చరించి పొడిగించుకోనిస్తే, స్పేస్ బార్ నొక్కడం లాంటి తేలిక పనికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. ఇదంతా 2.2.1 అనే నియమం, లెవెల్ ఏ, అంటే కనీస స్థాయి. 2018లో డబ్ల్యూసీఏజీ 2.1 వెర్షన్‌తో వచ్చిన 2.2.6 వేరు, ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికంటే పై స్థాయి. ఎంతసేపు కదలిక లేకపోతే డేటా పోతుందో ముందుగానే చెప్పమంటుంది. డేటాని 20 గంటలకు మించి దాచిపెడితే ఆ మాట చెప్పక్కర్లేదు. ఆ 20 గంటలు ఎందుకంటే, మనిషి మేలుకుని ఉండే రోజు కంటే అది ఎక్కువ. కారణం తెలిస్తే అంకె మరిచిపోరు.

నాకు అసలు విషయం తలకెక్కింది మాత్రం చేసి చూశాకే. ఒక డెమో ఫారం పెట్టుకుని, టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్‌లో డిఫాల్ట్‌గా ఉండే 30 నిమిషాల సెషన్‌ని (రిక్వెస్ట్ రాకపోతే లాగిన్ నిలిచి ఉండే టైము) 2 నిమిషాలకు కుదించి, మానిటర్ ఆపేసి, తెరమీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ వింటూ నింపాను. చేతులు కీబోర్డు మీంచి తియ్యలేదు. అయినా సబ్మిట్ నొక్కగానే లాగిన్ పేజీ! టైప్ చేస్తున్నంతసేపూ సర్వర్‌కి ఒక్క రిక్వెస్టూ వెళ్లలేదు మరి. ఇక్కడ మనిషి చెమటోడుస్తున్నాడు, సర్వర్ లెక్కలో ఖాళీగా కూర్చున్నాడు. నెమ్మదిగా చదివేవాళ్లకీ, ఒక్క స్విచ్‌తో టైప్ చేసేవాళ్లకీ ఇలాంటి పెద్ద ఫారాల్లో జరిగేది ఇదే.

తర్వాత హెచ్చరిక పెట్టాను. మామూలు డివ్‌తో (హెచ్‌టీఎంఎల్‌లో ఉత్త డబ్బా) పెడితే తెరమీద వచ్చింది, ఎన్‌వీడీఏ నోరు మెదపలేదు. ఇది హెచ్చరిక పెట్టె అని స్క్రీన్ రీడర్‌కి చెప్పే అలర్ట్‌డైలాగ్ రోల్ ఇచ్చి, పేరు తగిలించి, ఫోకస్‌ని "కొనసాగించు" బటన్ మీదికి తెస్తే పలికింది. మూసేశాక ఫోకస్ మళ్లీ అదే గడికి రావాలి, లేదంటే ఎక్కడ ఆగామో వెతుక్కోవాలి. మిగిలిన సెకన్లని లైవ్ రీజియన్‌లో (మారినప్పుడల్లా స్క్రీన్ రీడర్ చదివే చోటు) పెడితే ప్రతి సెకనూ చదువుతూ బటన్ పేరే వినపడనివ్వలేదు. ఇంకా ఎంత టైముందని స్క్రిప్ట్ సర్వర్‌ని అడిగితే, ఆ అడగడమే సెషన్‌ని పొడిగించేస్తుంది. ఇవేవీ నోట్స్‌లో దొరకవు.

బ్యాంకుల్లో భద్రత కోసం టైమౌట్ తప్పదుగా అని వాదించేవాళ్లున్నారు. తప్పదు. విలువైన అప్లికేషన్లకి 2 నుంచి 5 నిమిషాలని వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ కూడా చెబుతుంది. కానీ 2.2.1 టైమౌట్ వద్దనలేదు, చెప్పకుండా తలుపు మూయొద్దంది. రెండింటికీ వైరం లేదు.

ఒక్క క్రైటీరియన్ మీద ఇన్ని రాత్రులా అని స్టడీ గ్రూపులో చాలామంది అన్నారు. అవును, ఇన్ని రాత్రులే. ఫోకస్, రోల్స్, స్టేటస్ మెసేజీలు, కీబోర్డు అన్నీ ఇందులోనే తగిలాయి కాబట్టి మిగతా సిలబస్ నాకు వేగంగా అయిపోయింది. కాంట్రాస్ట్, మొబైల్ వారాంతాల్లో ముగించాను. పండగైనా, ఆఫీసులో రిలీజ్ ఉన్నా, స్క్రీన్ రీడర్‌తో రోజూ అరగంట కూర్చున్నాను. వీడియోలు చూస్తే చదివినట్టు కాదండీ, చేతులు కదలాలి.

వచ్చేసారి రాసేవాళ్లు ఈ ఆదివారమే ఒక ఫారం కట్టుకోండి. రెండు ట్యాబుల్లో తెరిచి, ఒకదాంట్లో పొడిగిస్తే రెండోదాంట్లో హెచ్చరిక ఆగుతుందో లేదో చూడండి. ఆగకపోతే ఎందుకో కామెంట్లో కాదు, కోడ్‌లో వెతకండి.