తాతయ్య పెట్టెలో తూటా, ఎయిర్‌పోర్టులో మూడు గంటలు

నిన్న రాత్రే రైల్లో ఇంటికి చేరాం. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అమ్మ పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే అటువైపు ఎవరైనా చెబుతారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. మా తాతయ్య రెండో యుద్ధంలో బర్మా వెళ్లొచ్చాడు. పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆయన ట్రంకు పెట్టెలో ఖాకీ గుడ్డపీలికలో చుట్టిన ఇత్తడి తూటా గొట్టం దొరికింది. "జపాను వాడిదిరా, నాన్న చెవి పక్కనుంచి పోయింది" అన్నాడు మావయ్య. చిన్నప్పటి నుంచీ విన్న కథే.

అమ్మ దాన్ని హ్యాండ్‌బ్యాగులో కుంకుమ భరిణె పక్కన పెట్టుకుంది. నాకు చెప్పలేదు.

చెకింగ్ దగ్గర మెషీన్ ఆగింది. "బుల్లెట్, బుల్లెట్" అని ఒకతను క్యూ అంతా వినేలా అరిచాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషిని పక్కన నిలబెట్టారు, కుర్చీ కూడా వేయలేదు. ఎవరిచ్చారు, ఎవరికి తీసుకెళ్తున్నారు అని అడిగిందే అడిగారు. "మా నాన్నది బాబూ" అంది అమ్మ. "మీ నాన్నది ఏ గ్యాంగు?" అన్నాడు అక్కడి ఆఫీసరు. దేశం కోసం బర్మా అడవుల్లో తిరిగొచ్చిన మనిషి గురించి, ఆయన కూతురి ముఖం మీదే అన్న మాట అది. అమ్మ ఇంకేం మాట్లాడలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విమానం వెళ్లిపోయింది.

వాళ్లు తనిఖీ చేయడం తప్పని నేను అనను. కానీ మూడు గంటలు ఆ గొట్టం ప్లాస్టిక్ కవర్లో బల్ల మీదే ఉంది, ఒక్కరూ తిప్పి అడుగు చూడలేదు. చివరికి జుట్టు నెరిసిన కానిస్టేబుల్ ఒకాయన వచ్చి, కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. "త్రీనాట్‌త్రీ రైఫిల్‌దండీ. అడుగున మందు అంటించే బిళ్ల, ప్రైమర్ అంటాం, దాని మీద పిన్ను దెబ్బ పడింది. ఎప్పుడో పేలిపోయిన గొట్టం." అర నిమిషం పట్టింది. మాతో కాగితం రాయించుకుని, ఊరి నుంచి వచ్చిన మావయ్య చేతికి గొట్టం ఇచ్చి పంపారు.

ఆ కోపంతోనే మర్నాడు దాని సంగతి తేల్చాను. అత్తయ్య ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పట్టించబోతే ఆపాను. పులుపు, ఇసక కాగితం తగిలితే అక్షరాలు అరిగిపోతాయి. మెత్తని టూత్‌బ్రష్, సబ్బునీళ్లు చాలు. ఫోన్ టార్చి నేరుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అడుగున గీతలు లేచి కనిపించాయి: కె, ఎఫ్ అక్షరాలు, బాణం గుర్తు, 42, రోమన్ అంకెల్లో ఏడు. బాణం బ్రిటిష్ సర్కారు సొత్తుకు వేసే ముద్ర. కె ఎఫ్ అంటే పుణె దగ్గర కిర్కీ, ఇప్పటి ఖడ్కీ, అక్కడి 1869 నాటి మందుగుండు ఫ్యాక్టరీ. 42 అంటే తయారైన సంవత్సరం, 1942. రోమన్ ఏడు తూటా మార్కు, అంటే దాని రకం నంబరు. లేత్ షాపులో వెర్నియర్ కొలతపరికరంతో కొలిపించాను: పొడవు 56 మిల్లీమీటర్లు, అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు. తర్వాత మన సైన్యానికి వచ్చిన ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ తూటా గొట్టం 51, దానికి ఆ అంచు ఉండదు. జపాన్ సైన్యం రైఫిల్ తూటాల అడుగున మామూలుగా ఏ అక్షరాలూ ఉండవు. పైగా గొట్టం కాల్చినవాడి దగ్గరే పడుతుంది, ఎదుటివాడి చెవి పక్కనుంచి పోదు.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే ముందు మూతి చూడండి. గుండు ఇంకా బిగించే ఉంటే తోమకండి, తట్టకండి, 112కి ఫోన్ చేయండి. ఖాళీదైనా సరే, విమానానికి మాత్రం తీసుకెళ్లకండి. వాడే ఉద్దేశం లేని చిన్న విడిభాగాలకు 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, కానీ అది కోర్టులో చెప్పుకోవలసిన మాట. చెకింగ్ దగ్గర ఎవరూ వినరు.

"అయితే ఇది నాన్న తుపాకీలోదేనా?" అని అడిగింది అమ్మ. అది మాత్రం అడుగున రాసి లేదు, వాళ్ల పటాలం మొత్తానికీ అవే తూటాలు. "మనవాళ్లదేనమ్మా" అన్నాను. "కిర్కీ, 1942" అని చిన్న కాగితం మీద రాసి, చుట్టి గొట్టంలో దూర్చాను. అమ్మ మళ్లీ ఆ ఖాకీ పీలికలోనే చుట్టి పెట్టెలో పెట్టింది.