బంతి పిచ్చి ఉంటే చాలు

మొన్న అలిపిరి మెట్ల దారిలో ఏడో మైలు దాటాక, పక్కన బండ మీద ఎండిన పెంట కనిపించింది. తాడులా మెలితిరిగి, నిండా వెంట్రుకలు, ఒక చిన్న ఎముక ముక్క. మా బావ "ఏదో నక్కదిలే, నడువు" అన్నాడు. 2023 ఆగస్టులో ఇదే దారిలో చిరుత ఒక పాపను చంపేసినప్పటి నుంచి నాకైతే ప్రతిదీ చిరుతదే అనిపిస్తుంది.

నిజానికి కంటితో చూసి చెప్పడం కష్టం. అందుకే అమెరికాలో శామ్ వాసర్ అనే శాస్త్రవేత్త 1997లో ఈ పనికి కుక్కల్ని దింపాడు. జాతి కుక్కలే కావాలని లేదు, బంతి కోసం ప్రాణం పెట్టే కుక్క అయితే చాలు, ఇంట్లో భరించలేక షెల్టర్లో వదిలేసినవి కూడా పనికొస్తాయి. కావలసిన జంతువు పెంట పట్టిస్తే బంతి, వేరేది చూపిస్తే ఏమీ లేదు, అంతే ట్రైనింగ్. ఆ పెంటలోని డీఎన్ఏతో అది ఏ జంతువో, ఆడో మగో తెలుస్తుంది, హార్మోన్లతో ఎంత టెన్షన్‌లో ఉందో కూడా. మత్తు సూది అక్కర్లేదు, బోను అక్కర్లేదు. టక్కర్ అనే లాబ్రడార్ క్రాస్ అయితే పడవ ముందు నిలబడి, సముద్రంలో తేలే ఓర్కా తిమింగలాల పెంటని వాసన పట్టేది!

మా వీధి కుక్కకీ ముక్కు గట్టిదే. కాకపోతే పెంట దొరికితే అందులో పొర్లుతుంది.