లైబ్రరీ మూలలో హనీ

మంగళవారం, రాత్రి పదిన్నర

ఈ రోజు స్కూల్లో కళ్లనీళ్లు ఆపుకోవడం కష్టమైంది. రాసుకుంటే గానీ నిద్ర పట్టేలా లేదు.

డాలస్ దగ్గర నేను సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా వెళ్లే స్కూలుకి మంగళవారం మంగళవారం ఒక గోల్డెన్ రిట్రీవర్ వస్తుంది. పేరు హనీ. పిల్లలు లైబ్రరీలో ఒక్కొక్కరే దాని పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపిస్తారు. రిటైరైన ఒక పెద్దావిడ తీసుకొస్తారు. వచ్చే ముందు దానికి స్నానం చేయించి, గోళ్లు కత్తిరించాలి. పిల్లల ఇళ్ల నుంచి ముందే సంతకాలు తెప్పిస్తారు, ఎలర్జీ ఉన్నవాళ్లూ కుక్కంటే భయపడేవాళ్లూ ఉంటారు కదా.

నాకూ భయమే. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అని చిన్నప్పుడు అమ్మ చెప్పిన మాట ఇప్పటికీ పోలేదు. మొదటిసారి లైబ్రరీ గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు పక్కన కూర్చోగలుగుతున్నాను.

రెండో క్లాసులో ఒక బాబుకి నత్తి. క్లాసులో చదవమంటే పుస్తకం మూసేసి తల దించుకుంటాడు. వాడినలా చూస్తే నాకు మా ఊరి బడే గుర్తొస్తుంది. ఇంగ్లీషు పాఠం నిలబడి చదువుతుంటే వెనక బెంచీల నుంచి వచ్చిన నవ్వు నాకింకా వినిపిస్తుంది.

ఇవాళ వాడి వంతు. కార్పెట్ మీద హనీ పక్కకి ఒరిగి పడుకుంది. వాడు ఒక చెయ్యి దాని మెడ మీది బొచ్చులో పెట్టి, రెండో చేత్తో పేజీ పట్టుకున్నాడు. మాట అడ్డం పడ్డప్పుడల్లా వాడి వేళ్లు బొచ్చులో బిగుసుకోవడం, మాట బయటికి రాగానే వదులవడం నాకు కనిపిస్తూనే ఉంది. హనీ కదల్లేదు. ఒకచోట పెద్దావిడ, "హనీకి ఈ మాట తెలియదట, కాస్త చెప్తావా?" అన్నారు. వాడు దాని చెవి దగ్గరికి వంగి, బొమ్మ చూపించి మరీ చెప్పాడు. ఆ అడగడంలోని నేర్పు చూసి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. నత్తి నత్తిలాగే ఉంది. పుస్తకం మాత్రం ఆఖరి పేజీ దాకా చదివాడు.

కాసేపటికి హనీ వరసగా ఆవలించి మూతి నాక్కుంది. నిద్ర వస్తోందేమో అనుకున్నాను. అలసిపోతే, టెన్షన్ పడితే కుక్కలు అలాగే చెప్తాయట. ఆవిడ వెంటనే లేపి బయటికి తీసుకెళ్లారు. ఇంకో ఇద్దరు పిల్లలు లైన్లో ఉన్నా సరే. నాకది చాలా నచ్చింది.

పిల్లల చేత కుక్కలకి చదివించడం 1999లో సాల్ట్ లేక్ సిటీలో ఇంటర్‌మౌంటెన్ థెరపీ యానిమల్స్ అనే సంస్థ మొదలుపెట్టిందని ఆవిడే చెప్పారు. అంతకు చాలా ముందే న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల సైకాలజిస్టు ఉండేవారు. ఎవరితోనూ కలవని ఒక అబ్బాయి టైముకంటే ముందే వస్తే, ఆ సమయంలో గదిలోనే ఉన్న ఆయన కుక్క జింగిల్స్ వాడి దగ్గరికి పరుగెత్తింది. వాడు దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. కుక్క తోడుంటే పిల్లల చికిత్సకి సాయమవుతుందన్న ఆలోచన ఆయనకి దాన్నుంచే వచ్చి, 1960ల్లో దాని మీద రాశారు.

సాయంత్రం అమ్మకి ఫోన్లో ఇదంతా చెప్పాను. "కుక్కకి పాఠాలేమిటే!" అంది. నత్తి బాబు సంగతి చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాపం, మన బడిలో నిన్నూ అలాగే నవ్వారు కదూ," అంది. ఆ సంగతి అమ్మకి తెలుసని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

పడుకునే ముందు పాప తెలుగు వాచకం తెచ్చింది. రోజూ ఒత్తు తప్పిన ప్రతిచోటా ఆపి దిద్దుతాను. ఇవాళ "కప్ప"ని "కప" అని చదివి నా మొహంలోకి చూసింది. నేను దాని జడ విప్పుతూ ఊరుకున్నాను. పాప ఇంకో పేజీన్నర చదివి, పుస్తకం మీదే నిద్రపోయింది.