కాకినాడ క్లబ్బు మీద దాడి: పాత కాగితాలను ఎటునుంచి చదవాలి

1907 మే 31న కాకినాడలో కోపల్లె కృష్ణారావు అనే కుర్రాడు, బండిలో పోతున్న జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్‌ను చూసి వందేమాతరం అన్నాడు. ఆ ఒక్క మాటకే కెంప్ ఆ పిల్లవాణ్ణి చావగొట్టాడు. ఆ రాత్రి జనం తెల్లదొరల క్లబ్బు మీద పడ్డారు.

ఇలాంటి ఘటనల మీద జీవో (ప్రభుత్వ ఉత్తర్వు, దానికి జతపరిచిన కాగితాలు) దొరగ్గానే చాలామంది ఉత్తర్వు చదివి ఆగిపోతారు. ఉత్తర్వు మద్రాసులో తయారయ్యేది, జిల్లా అధికారులు తమ చర్యను సమర్థించుకుంటూ పంపిన నివేదికల ఆధారంగా. అందుకే చివరినుంచి మొదలుపెట్టండి. జతపరిచిన టెలిగ్రాములు, వాంగ్మూలాలు, అర్జీలు ముందు చదవండి. ఘటన ఎప్పుడు, కబురు ఎప్పుడు పంపారు, ఉత్తర్వు ఎప్పుడు వచ్చింది, ఈ మూడు తేదీలూ ఒకచోట రాసుకోండి. మొదటి కబురులో లేనిది తరువాతి నివేదికలో చేరిందంటే, ఎవరికి అవసరమై చేరిందో అడగాలి. ఏప్రిల్‌లో బెంగాల్ జాతీయవాద నాయకుడు బిపిన్ చంద్రపాల్ గోదావరి తీరంలో ఉపన్యాసాలిచ్చి వెళ్లాడు కాబట్టి నెపమంతా ఆయన మీదికి నెట్టడం తేలిక. ఉపన్యాసాల ప్రభావం నిజమే. కానీ దెబ్బ తిన్న కుర్రాణ్ణి ఆ వాదన మింగేయకూడదు.

దేశభాషా పత్రికల మీద ప్రభుత్వం వారం వారం వేయించిన నివేదికలు బాగా పనికొస్తాయి. అయితే అవి ఇంగ్లీషు సారాంశాలు. సర్కారు దృష్టికి తేవాలని అధికారులు అనుకున్న ముక్కలే వాటిలో ఉంటాయి. ఆనాటి తెలుగు పత్రిక కృష్ణాపత్రిక అసలు సంచిక దొరికితే దానితో పోల్చకుండా వదలొద్దు.

ఎక్కువమంది బోల్తాపడేది జిల్లా హద్దుల దగ్గర. 1904 నుంచి 1925 దాకా భీమవరం, నరసాపురం, తణుకు కృష్ణా జిల్లాలో ఉండేవి. గోదావరి జిల్లా సంపుటాల్లో వాటి ఊసు కనబడక, అక్కడ ఏ అలజడీ లేదని తేల్చేస్తారు. 1859కి ముందు కాగితాలైతే రాజమండ్రి జిల్లా పేరుతో ఉంటాయి. రెవెన్యూ కాగితాల్లో జూలైలో మొదలయ్యే ఫసలీ సంవత్సరం వాడతారు; అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం తెలియాలంటే 590 కలపాలి. ఫసలీ 1316 అంటే 1906 జూలై నుంచి 1907 జూన్ దాకా.

ఒక్క శాఖ ఫైలుతో సరిపెట్టుకోకూడదు. డెల్టాకు ఎగువన 1879లో లేచిన రంప ఫితూరీనే (తిరుగుబాటునే) తీసుకోండి. పోలీసు కాగితాలు చూస్తే స్టేషన్ల మీద దాడులే కనబడతాయి. కొండవాళ్లు ఇంట్లో తాగే కల్లుకు కూడా చిగురుపన్ను కట్టాల్సిరావడం, మన్సబుదారు (ఆ కొండసీమ జమీందారు) తన కింది ఊళ్ల పెత్తందార్లైన ముఠాదార్లను పీడించడం అబ్కారీ (కల్లు, సారా పన్నుల), రెవెన్యూ కాగితాల్లో వెతకాలి. ముందు వాటిని చదివి, ఆ తరువాత పోలీసు ఫైలు తెరవండి.