చాంపియన్ స్టేషన్‌లో ఒక సాయంత్రం

మా అమ్మ కమ్మలు కుదువ పెట్టి, విడిపించి, మళ్ళీ కుదువ పెట్టి మమ్మల్ని చదివించింది. ఆ బంగారం పుట్టిన చోటు ఒక్కసారైనా చూడాలని ఎన్నాళ్ళుగానో ఉంది. పోయిన నెల కుప్పంలో పొద్దున బండి ఎక్కాను. బిసానత్తం దాటుతుంటే పక్కనే మన చిగరగుంట గని గుర్తొచ్చింది. అదీ మూతపడిందే. బంగారుపేటలో దిగి మారికుప్పం బండి పట్టుకున్నాను.

కేజీఎఫ్‌లో, అంటే కోలార్ బంగారు గనుల ఊళ్ళో, మొదటి సగం రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూడు షాఫ్టులు (గనిలోకి దిగే నిలువు బావులు), ఒక దిబ్బ చూపించడానికి ఆటో ఆయన ఆరు వందలు అడిగాడు, నాలుగు వందలకు వచ్చాడు. సినిమా వచ్చాక రేట్లు పెరిగాయట. షాఫ్టుల దగ్గర గేట్లకు తాళాలు. గోడ మీదుగా తుప్పు పట్టిన ఇనుప గోపురం పైభాగం మాత్రం కనిపిస్తుంది. అంత దూరం వచ్చి గోడలు చూసి వెనక్కి పోవాలా అని మనసంతా చేదైపోయింది.

సైనైడ్ దిబ్బ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. ఊరి మధ్యలో, ఇళ్ళకు ఆనుకుని, బూడిద రంగు కొండ. వాన నీళ్ళు కోసిన చారలు పైనుంచి కింద దాకా ఉన్నాయి. గాలి లేస్తే సన్నటి దుమ్ము పక్కింటి కిటికీ అంచు మీద, ఆరేసిన చీర మీద పడుతోంది. జల్లించిన రాగిపిండి అంత మెత్తగా ఉంది. రాయిని ఇంత మెత్తగా నూరి, సైనైడ్ నీళ్ళలో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన పిండి ఇది. నూటఇరవై ఏళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం పోయింది. ఇక్కడి వాళ్ళకు మిగిలింది ఇలాంటి దిబ్బల్లో మూడు కోట్ల టన్నులకు పైగా పిండి.

మూడు గంటలకే చాంపియన్ స్టేషన్‌కు వచ్చి బెంచీ మీద కూలబడ్డాను. పక్కన తెల్ల లుంగీలో ఒక పెద్దాయన.

"ఏ ఊరు పాపా?"

పలమనేరు అనగానే ఆయన ముఖం విప్పారింది. వాళ్ళ నాయనది వీకోట పక్క పల్లెట. కరువుకు వచ్చి గనిలో చేరాడు. తరవాత ఈయన. ఇరవైరెండేళ్ళు చాంపియన్ రీఫ్ గనిలో భూమి కింద పని.

"ఒక కేజ్‌లో, అదే లిఫ్టులో, దిగితే అయిపోదు. నడిచిపోయి ఇంకో కేజ్ ఎక్కల్ల. మూడు కిలోమీటర్ల పైన లోతు పాపా. రాయి మీద చెయ్యి పెడితే కాలిన పెనమే. పైనుంచి చల్లగాలి పంపిస్తారు, అయినా గోచీ మాదిరి గుడ్డ తప్ప ఒంటి మీద ఇంకోటి ఉండనీయదు."

అన్నిటికన్నా భయం రాయి పేలడమేనట. లోతు పెరిగే కొద్దీ ఒత్తిడికి గోడ బాంబులా పేలిపోతుంది. పైన లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ళ వరసల్లో, ఇళ్ళు అదిరేవట. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్ళంతా షాఫ్టు గేటుకు పరిగెత్తేవాళ్ళు. దిగేటప్పుడు ప్రతివాడూ టోకెన్ తీసుకోవాలి, పైకొచ్చి తిరిగి ఇవ్వాలి. "ఒక టోకెన్ తిరిగి రాకుంటే ఊరంతా అన్నం తినదు" అన్నాడు. అంటూ బొటనవేలూ చూపుడువేలూ కలిపి తిప్పాడు, ఆ ఇత్తడి బిళ్ళ ఇంకా చేతిలోనే ఉన్నట్టు.

ఈ గనుల కోసమే 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలకన్నా మూడేళ్ళు ముందు. తాతకు ఆ సంగతి తెలుసు. "మా లైన్‌లో నేను చదువుకున్నది కిరసనాయిలు బుడ్డి కిందే" అన్నాడు.

"బంగారం ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా తాతా?"

"తెల్లరాయి పాపా, అంతే. మెరుపు కనపడడం ఎప్పుడో గానీ లేదు. పైకొస్తానే తడిమి చూసి పంపిస్తారు. మా ఆడదాని తాళి రాబర్ట్‌సన్‌పేటలో అంగట్లో కొన్నా. వాయిదాల మీద. పద్దెనిమిది నెలలు కట్టినా."

నాకు మాట రాలేదు. మా అమ్మ కమ్మలు కళ్ళ ముందు కదిలాయి.

చివర్లో దొరికే బంగారం టన్ను రాయికి మూడు గ్రాముల చుట్టూ పడిపోయింది. అంత లోతుకు పోయే ఖర్చు పెరిగిపోయింది, బంగారం ధర అప్పట్లో తక్కువ. 2001 ఫిబ్రవరి 28న గనులు ఆగిపోయాయి. ఆ మర్నాడు కూడా అలవాటు కొద్దీ షిఫ్టుకు లేచి కూర్చున్నాడట తాత. తరవాత పిల్లలంతా బెంగళూరు బండి పట్టారు. తెల్లవారకముందే పోయి, చీకటి పడ్డాక రావడం.

మాటల్లోనే చీకటి పడింది. బండి వచ్చేసరికి ఆయన లేచి నిలబడి, దిగుతున్న ఒక్కొక్క ముఖమే చూస్తున్నాడు. మెడలో ఐడీ కార్డులు, చేతిలో టిఫిన్ డబ్బాలు, నిద్ర కళ్ళు. వెనక పెట్టెలోంచి ఒక అమ్మాయి దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె భుజం మీది సంచీ తను తీసుకున్నాడు.

"సీటు దొరికిందా?"

"మాలూరు దాటినాక దొరికింది తాతా."